కాల్చిన దుంప, చుట్టిన రేకు

వంటయింటి క్రియల విషయమున తెలుగుభాష మిక్కిలి జాగ్రత్త గలది. నీటిలో మెత్తబడినది ఉడికినది. నూనెలో పడినది వేగినది. మూతక్రింద తన చెమ్మలో తానే మెత్తబడినది మగ్గినది. నిప్పుసెగ నేరుగా తాకినది కాలినది. గోదావరి జిల్లాలలో తేగలను కుండలో కుక్కి, మూతి బిగించి, చుట్టును చెత్త వేసి మంటబెట్టుటకు తంపట వేయుట యని వేరొక మాటయే కలదు. ఈ మాటలలో ఒకదానికి బదులు మరియొకటి వాడుట కుదరదు. పచ్చడికి వంకాయను కాల్చితివా, ఉడికించితివా యని అత్తగారు అడిగినపుడు, రెండును ఒకటే కదా యని కోడలు తప్పించుకొనలేదు. పచ్చడి నాలుకకు తగిలిన క్షణముననే సంగతి బయటపడును.

ఇంగ్లీషుభాష ఈ విషయమున కొంత ఉదారముగా నున్నది. పొడిసెగలో వండుటకు ఆ భాషలో బేకింగ్ అని పేరు. రొట్టెను అట్లు వండుదురు. బంగాళాదుంపను గూడ అట్లే వండుదురు. కాని అమెరికాలో వేసవి సాయంకాలమున పెరటిలో బొగ్గుల గ్రిల్లు వెలిగించి, కడిగిన దుంపను అల్యూమినియపు రేకులో బిగియ చుట్టి, గంటసేపు కడ్డీలపై దొర్లించి, రేకు విప్పి వెన్న వేసి వడ్డించుచున్నారు. దానిని గూడ బేక్డ్ పొటాటో యనియే పిలుచుచున్నారు. ఆ దుంప మెత్తబడిన మాట నిజమే. కాని అది కాలలేదు, మగ్గినది. గోదావరి తీరపు ఇల్లాలికి చూపినచో తంపట వేసినారనును.

పేరొకటి, పదార్థము మరియొకటి యైన ఈ చిన్న తికమకను ఇంతగా పట్టించుకొననేల యని తోచవచ్చును. వేడిమిని గూర్చి ఉన్నత పాఠశాలలో చెప్పు పాఠములలో సగము ఆ దుంపలో నున్నవి. ఆ సంగతి ఉపాధ్యాయులకు పనికివచ్చునట్టిది. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి యున్నది. ఆ రేకు ఒకప్పుడు కొందరిని ఆసుపత్రి పాలు చేసినది. ఆ కథ ముందు వచ్చును.

బొగ్గులపై ఇనుపకడ్డీల జాలి పరచి దానిపై మాంసమును, మొక్కజొన్నపొత్తులను, కూరగాయలను కాల్చుట కొత్త కాదు. దానికి నేటి గుండ్రని మూత వచ్చుట మాత్రము ఇటీవలి ముచ్చట. షికాగో నగర ప్రాంతమున ఒక లోహపు కర్మాగారము ఉండెడిది. నీటిపై తేలుచు ఓడలకు దారి చూపు బోయాల కొరకు అక్కడ లోహపు గోళములను తయారుచేయుచుండిరి. అందు పనిచేయుచుండిన జార్జి స్టీఫెన్ 1952లో ఒక అర్ధగోళమునకు కాళ్లు అమర్చి బొగ్గులు పోసి, మరియొక అర్ధగోళమును దానిపై మూతగా బోర్లించెను. గాలి ఆడుటకు రంధ్రములు పెట్టెను. గాలివానలు మంటను చెదరగొట్టకుండ చూచుకొనుటయే అతడు కోరినది. కలిగిన ఫలము అంతకు మించినది. మూత లేని గ్రిల్లు పెనము వంటిది. దాని సెగ క్రిందినుండియే. మూత పెట్టిన గ్రిల్లు రొట్టెల కార్ఖానాలోని బట్టీకి చిన్న చెల్లెలు. దాని సెగ నలువైపుల నుండి.

అల్యూమినియపు రేకు ఇంతకంటె ముందే వచ్చినది. ఇండ్లలో వాడుకొనుటకు వీలుగా చుట్టలు చుట్టి రేనాల్డ్స్ సంస్థ దానిని 1947లో అంగళ్లకు పంపినది. మూత లేని బొగ్గులపై దుంపను పెట్టినచో అడుగు మాడును, పైభాగము పచ్చిగా నుండును. అట్టి దుంపకు రేకు చుట్టుట ఉపాయమే యనవలెను. ఆ రేకే దానికి చిన్న మూత యైనది. నిజమైన మూత వచ్చిన పిమ్మట ఆ చిన్న మూతతో పని తీరినది. పని తీరినను అలవాటు పోలేదు. గ్యాసుపొయ్యి వచ్చిన తరువాత గూడ ఊదుగొట్టమును మూలకు ఆనించి యుంచిన ఇండ్లు మనలో ఎన్ని లేవు! ఐనను ఊదుగొట్టము మూలనుండుట చేత వంట చెడదు.

ఇక దుంపలోనికి సెగ ఎట్లు పోవునో చూడవలెను. బంగాళాదుంపలో సుమారు అయిదింట నాలుగు పాళ్లు నీరు. మిగిలిన దానిలో అధికభాగము పిండిపదార్థము. ఈ పిండి సన్నని రేణువులుగా దుంప కణములలో ఒదిగియుండును. లోపలి వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటునప్పటికి ఆ రేణువులు చుట్టునున్న నీటిని పీల్చుకొని ఉబ్బనారంభించును. 70 దాటునప్పటికి ఆ పని చాలవరకు ముగియును. కణమును కణముతో అతికించియుంచు పెక్టిన్ అను జిగురు మాత్రము అంతకంటె హెచ్చు వేడికి గాని సడలదు. నడిమి వేడి 96 మొదలు 99 డిగ్రీల వరకు వచ్చినపుడు కణములు ఒకదానినుండి ఒకటి విడివడి, వ్రేలితో తాకిన చాలు పొడిపొడిగా రాలును. అంతవరకు రేకులోని దుంపకును, రేకు లేని దుంపకును పెద్ద భేదము కనబడదు. భేదమంతయు తొక్కలోను, తొక్కనంటి యున్న పలుచని పొరలోను ఉన్నది.

రేకు లేని దుంప తొక్కనుండి నీరు ఆవిరియై యెగిరిపోవుచుండును. తడి యున్నంతవరకు తొక్క వేడి నూరు డిగ్రీలను మించదు. నీరు మరుగునది అక్కడనే గనుక. తడి ఆరిన పిదప ఆ కట్టుబాటు లేదు. సుమారు 140 డిగ్రీలు దాటగనే దుంపలోని అమైనో ఆమ్లములును, చక్కెరలును కలిసి గోధుమవన్నెను, కమ్మని వాసనను పుట్టించును. ఈ చర్యను ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయార్ 1912లో వివరించెను గనుక దానికి ఆయన పేరే నిలిచినది. కాలిన రొట్టె, వేయించిన కాఫీగింజ, నిప్పులపై త్రిప్పిన మొక్కజొన్నపొత్తు, వీని సువాసన వెనుక నున్నది ప్రధానముగా ఈ చర్యయే.

రేకు చుట్టిన దుంపకు ఈ భాగ్యము లేదు. ఆవిరికి దారి మూసివేయబడినది. తొక్క తడిగానే యుండి నూరు డిగ్రీలకు ఇటుప్రక్కనే ఆగిపోవును. వెలుపల రెండువందల డిగ్రీల సెగ యున్నను లోపల జరుగునది ఆవిరివంట. దుంపను ఇడ్లీపాత్రలో పెట్టి దించినను ఇంచుమించు ఇదే ఫలము దక్కును. ఇడ్లీని ఆవిరిపైననే వండుదురు, అది దివ్యముగా నుండును. ఐనను దానిని కాల్చిన ఇడ్లీ యని ఎవరును పిలువరు. దుంపల పంటకు అమెరికా యందు పేరెన్నికగన్న ఐడహో రాష్ట్రములోని బంగాళాదుంపల కమిషన్ గూడ ఈ కారణము చేతనే రేకు చుట్టవలదని చెప్పుచున్నది. దుంపలు అమ్ముకొనువారికి రేకుతో వైరము లేదు. తమ సరకు నీరుకారి పోవుట మాత్రము వారికి ఇష్టము లేదు.

బడిలో ఉష్ణప్రసారమును వహనము, సంవహనము, వికిరణము అని మూడు విధములుగా చెప్పుదురు. పిల్లలు ఆ మూడు పేర్లను కంఠస్థము చేసి, మూడు నిర్వచనములు వ్రాసి, మార్కులు పొంది మరచిపోవుదురు. మూత పెట్టిన గ్రిల్లులో ఈ మూడును ఒక్క దుంప చుట్టు చేరును. ఇనుపకడ్డీ తాకినచోట తొక్కపై నల్లని గీత పడును; అది వహనము గీచినది. ఎర్రని బొగ్గులకు ఎదురుగానున్న ప్రక్క ముందుగా వన్నె తేలును. అది వికిరణము చేసినది. మూతక్రింద సుడి తిరుగు వేడిగాలి మిగిలిన ప్రక్కలను పట్టుకొనును, అది సంవహనము. తొక్క దాటి లోనికి పోవలసినప్పుడు మరల వహనమే దిక్కు. నీరును, పిండియు నిండిన దుంపలో అది ఎద్దుబండి నడక నడచును. అందుచేతనే పిడికిలియంత దుంపకు ముప్పావుగంట మొదలు గంట వరకు పట్టును. మంటను రెట్టింపు చేసినంత మాత్రమున గంట అరగంట కాదు. తొక్క బొగ్గగును, నడుమ పచ్చిగానే నిలుచును.

కావున తెలిసినవారు బొగ్గులనన్నిటిని గ్రిల్లులో ఒక ప్రక్కకు చేర్చి, దుంపలను రెండవ ప్రక్కన ఉంచి మూత పెట్టుదురు. లోపలి గాలి వేడి సుమారు 200 డిగ్రీలు ఉన్న చాలును. దుంపను ముందుగా కడిగి బాగుగా తుడువవలెను. తడి తొక్కతో పెట్టినచో, ఆ తడి ఆరువరకు కాలుట మొదలే కాదు. నాలుగైదు చోట్ల ముల్లుతో గ్రుచ్చవలెను. లేనిచో లోపలి ఆవిరికి దారి దొరకక ఒక్కొక్క దుంప పగులును. చేతికి నూనె రాచుకొని దుంపపై పలుచగా పట్టించి, కల్లుప్పు అద్దుదురు. నడుమ ఒకసారి త్రిప్పవలెను. సన్నని పుల్ల గ్రుచ్చినపుడు అడ్డు తగులక నడుము వరకు దిగినచో పని ముగిసినట్లు. మొలకెత్తు భాగమును, ఎండ తగిలి పచ్చబడిన భాగమును ముందే చెక్కివేయవలెను. దుంప చాలవరకు పచ్చబడినదైనచో దానిని అసలు వండనే రాదు. అందులోని సొలనిన్ అను విషము వంటవేడికి నశించునది కాదు.

కప్పి వండుట అనాదిగా వచ్చుచున్నదే కదా, రేకు చేసిన నేరమేమి యని అడుగువారుందురు. ప్రశ్న న్యాయమైనది. దానికి బదులు దుంప పుట్టినింటనే దొరకును.

బంగాళాదుంప దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల బిడ్డ. నేటి పెరూ, బొలీవియా దేశముల నడుమనున్న టిటికాకా సరస్సు పరిసరములలో వేల ఏండ్లనాడే అక్కడి జనులు దానిని సాగులోనికి తెచ్చిరి. ఆ కొండసీమలలో నాలుగువేలకు పైగా దేశవాళీ రకములు నేటికిని ఉన్నవి. పంట త్రవ్విన దినములలో వారు పొలములోనే ఎండిన మట్టిబెడ్డలను చిన్న గుమ్మటమువలె పేర్చుదురు. లోపల కట్టెలు వేసి మంటబెట్టుదురు. బెడ్డలు బాగుగా కాగిన పిదప దుంపలను లోపల వేసి, గుమ్మటమును వానిపై కూలద్రోసి, మట్టి కప్పి విడిచిపెట్టుదురు. కొంతసేపటికి త్రవ్వి తీసిన దుంపకు కాలిన మట్టివాసన పట్టియుండును. ఈ వంటకు వాటియా యని పేరు. గోతిలో కాగిన రాళ్లు పరచి, మాంసమును, దుంపలను, సువాసనగల ఆకులను పొరలుగా పేర్చి, మట్టి కప్పి చేయు పెద్ద విందు వేరే యున్నది; దాని పేరు పచమంక. క్వెచువా భాషలో పచ యనగా భూమి, మంక యనగా కుండ. పెరూ ప్రభుత్వము 2003లో దానిని జాతీయ సాంస్కృతిక వారసత్వముగా ప్రకటించినది.

ఈ రెంటిలోను కప్పుట యున్నది. ఐనను పచమంకలో మాంసపు రసమును, పచ్చియాకుల చెమ్మయు కలియుట చేత ఆవిరిపాలు హెచ్చు. వాటియాలో ఎండుమట్టి దుంపను నేరుగా తాకును, దుంప విడిచిన ఆవిరిని తాను పీల్చుకొనును. మట్టి ఊపిరి తీయును, రేకు తీయదు. ఆండీస్ రైతులు ఒకే దుంపను రెండు తీరుల వండి రెండు పేర్లు పెట్టుకొనిరి. వంకాయ విషయమున మన ఇల్లాలికున్న పట్టుదలయే దుంప విషయమున వారికిని ఉన్నదని దీనివలన తేలుచున్నది.

సముద్రము దాటి ఐరోపా చేరిన తరువాత గూడ దుంపకు నిప్పుతో స్నేహము తప్పలేదు. జర్మనీ పల్లెలలో దుంపలు త్రవ్విన పిమ్మట ఎండిన మొక్కలను పోగుచేసి తగులబెట్టి, ఆ నివురులో దుంపలు కాల్చుకొనుట పిల్లలకు పెద్ద పండుగగా నుండెడిది. ఫ్రెంచివారు నివురుక్రింది దుంప యని యొక వంటకమునకు పేరే పెట్టుకొనిరి. ఇంగ్లీషువారు తొక్కతో కాల్చిన దానిని జాకెట్ పొటాటో యందురు. అనగా కోటు తొడిగిన దుంప. పుట్టుకతోనే కోటు తొడుగుకొని వచ్చినదానికి మరియొక లోహపు కోటు ఏల యని ఆ పేరే అడుగుచున్నట్లున్నది. హెన్రీ మేహ్యూ 19వ శతాబ్దపు నడుమ లండను వీథులలోని శ్రమజీవులను గూర్చి వ్రాసిన గొప్ప గ్రంథములో దుంపలు అమ్ముకొనువారికి గూడ చోటిచ్చెను. వారు రొట్టెలవాని బట్టీలో దుంపలు కాల్పించుకొని, అడుగున నిప్పుగల తగరపు డబ్బాలలో వేడిగా ఉంచి, చలికాలమున వీథిమూలల నిలుచుండి అర్ధపెన్నీకి ఒకటి చొప్పున అమ్ముచుండిరట. కొన్నవారిలో కొందరు మొదట దానితో చేతులు కాచుకొనుచుండిరట. అర్ధపెన్నీకి ఆహారమును, కుంపటియు రెండును దొరికినవన్నమాట.

రేకు పక్షమున చెప్పదగినది బొత్తిగా లేదని కాదు. దుంపను కడ్డీలపై గాక నేరుగా బొగ్గులలో పూడ్చునపుడు బూడిద అంటకుండ రేకు కాపాడును. అడవిలో విడిది చేసిన బాలబాలికలకు అది సౌకర్యమే. చెమ్మగల మెత్తని దుంపయే ఇష్టమనువారి నాలుకతో ఎవరును వాదింపలేరు. అట్టివారు మగ్గిన దుంపను మగ్గినదని పిలిచికొని సుఖముగా తినవచ్చును. చిక్కు అంతయు తినగా మిగిలిన దుంపతోనే.

1994 ఏప్రిలులో టెక్సస్ రాష్ట్రములోని ఎల్ పాసో నగరమున ముప్పదిమంది బోట్యులిజమ్ అను వ్యాధి బారిన పడిరి. కండరములను చచ్చుపరచి, తుదకు ఊపిరిని గూడ ఆపగల విషమది. వారిలో నలుగురికి శ్వాసయంత్రము పెట్టవలసి వచ్చినది. వారందరును ఒక భోజనశాలలో తినినవారే. ఆరోగ్యశాఖవారు వెదుకగా కారణము బంగాళాదుంపతో చేసిన ఒక నంజుడు పచ్చడి యని తేలినది. దానికి వాడిన దుంపలను రేకులో చుట్టి వండి, ఆ రేకుతోనే మామూలు గది వేడిలో కొన్నిదినములు ఉంచియుండిరి.

ఇందులో దురదృష్టమేమియు లేదు, అంతయు శాస్త్రమే. ఆ విషమును పుట్టించు క్లోస్ట్రీడియమ్ బోట్యులినమ్ అను సూక్ష్మజీవి మట్టిలో నుండును. దుంపయు మట్టిలోనిదే. ఆ జీవి గట్టిపెంకు కట్టుకొని బీజరూపమున నున్నపుడు నీరు మరుగు వేడికి గూడ చావదు. రేకులోని దుంప నూరు డిగ్రీలను దాటలేదని పైన చెప్పిన మాట ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. ఆ బీజము మొలకెత్తుటకు కావలసినవి చెమ్మ, వెచ్చదనము, పులుపు లేమి, ప్రాణవాయువు లేమి. బిగియ చుట్టిన రేకు ఈ నాలుగింటిని ఒక్కచోట చేర్చి, వడ్డించిన విస్తరివలె దాని ముందు పెట్టినది. మిగిలిన దుంపకు రేకు వెంటనే విప్పవలెను. తినువరకు 57 డిగ్రీలకు పైన వేడిగానైన ఉంచవలెను, లేదా 5 డిగ్రీలకు లోపున శీతలయంత్రములోనైన పెట్టవలెను. అమెరికా ఆరోగ్యాధికారులు భోజనశాలలకు విధించిన నియమము ఇదియే. పచ్చళ్లను, ఊరగాయలను తడిచేయి తగులనీయక ఏడాదిపాటు కాపాడు తెలుగువారికి, నిలువయుంచు నియమము ప్రాణముతో సమానమని వేరే చెప్పనక్కరలేదు.

తెలుగునాట బంగాళాదుంప కాల్చుకొని తినునది కాలేదు. కోస్తాలో బంగాళాదుంప యని, తెలంగాణములో ఆలుగడ్డ యని, రాయలసీమలో ఉర్లగడ్డ యని పేర్లు పొందినను అది తిన్నగా కూరలోనికే పోయినది. నిప్పులలోని చోటు చిలగడదుంపది; సీమలో దానినే గెనుసుగడ్డ యందురు. కుంపటిలో నివురు గప్పిన నిప్పులలో దానిని దూర్చి, తొక్క నల్లబడి, తీపి పాకము బయటికి చిమ్మువరకు ఆగని పల్లెటూరి పిల్లలు అరుదు. పేరులో దుంప యన్నది సమానమైనను ఈ రెండు దుంపలకు చుట్టరికము లేదు. చిలగడదుంప తూటికూర కుటుంబములోనిది. బంగాళాదుంపకు నిజమైన రక్తబంధువు వంకాయ. టమాటయు, మిరపయు గూడ ఆ యింటివే. వంకాయకు నూనె రాచి, గాటు పెట్టి, నిప్పులపై ఒట్టిగా కాల్చుట మన వంటయింట తరతరముల విద్య. రేకు ముఖమే యెరుగని ఆ విద్యను దాని బంధువునకు వర్తింపజేయుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములు సెలవుదినములలో ఉద్యానవనముల గ్రిల్లుల చుట్టు చేరునపుడు మొక్కజొన్నపొత్తులను ఒట్టిగానే కాల్చి, ఉప్పు కారము నిమ్మకాయ రాచుకొని తినుచున్నారు. దుంప దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము ఆ దేశపు అలవాటు ప్రకారము రేకు తీయుచున్నారు. ఉద్యానవనముల గ్రిల్లులకు తరచుగా మూత యుండదు. ఒక వెడల్పాటి లోహపు గిన్నెను దుంపలపై బోర్లించిన చాలును. స్టీఫెన్ చేసినది అంతకంటె వేరు కాదు.

అన్ని దుంపలును కాల్చుటకు పనికిరావు. పిండిపాలు హెచ్చుగానున్నది కాలిన పిదప పొడిపొడిగా విచ్చును. నీటిపాలు హెచ్చైనది జిగటగా నుండును. దీనిని కనుగొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. పదకొండు గిన్నెల నీటిలో ఒక గిన్నెడు ఉప్పు కరిగించి దుంపను వేసినచో, పిండిగలది మునుగును, జిగటది తేలును. సాంద్రతను గూర్చిన పాఠమునకు ఇంతకంటె రుచికరమైన ఉదాహరణము దొరకుట కష్టము. మన బజారుకు వచ్చు దుంపలలో అనేకము శీతలగిడ్డంగులలో 2 మొదలు 4 డిగ్రీల వేడిలో నెలలతరబడి యుండి వచ్చినవి. ఆ చలికి పిండిలో కొంత చక్కెరగా మారును. కొన్ని దుంపలు కూరలో తియ్యగా తగులుటకు కారణము ఇదియే. అట్టివి నిప్పుపై త్వరగా నల్లబడి చేదెక్కును. వానిని చీకటిగల పొడిచోట రెండు వారములు ఉంచినచో చక్కెరలో కొంత మరల తగ్గును. ఇంటిలోని శీతలయంత్రములో పచ్చిదుంపను పెట్టుట ఈ దోషమును పెంచుటయే.

రేకు వాదమును మాటలతో గాక తూకముతో తేల్చుట ఉన్నత పాఠశాల విజ్ఞానసంఘమునకు తగిన పని. దానికి గ్రిల్లు లేకున్నను బొగ్గుల కుంపటి, ఇనుపజాలి, పైన బోర్లించుటకు ఒక మట్టిమూకుడు ఉన్న చాలును. నిప్పు ఉపాధ్యాయుని చేతిలోను, త్రాసు విద్యార్థుల చేతిలోను ఉండవలెను. ఒకే రకపు, ఒకే తూకపు దుంపలు రెండు తీసికొని, ఒకదానికి రేకు చుట్టి, రెండవదానిని ఒట్టిగా వదలి, ఒకే సెగపై ఒకే కాలము ఉంచవలెను. దించిన వెంటనే రెంటిని మరల తూచవలెను. ఒట్టి దుంప తేలికపడి యుండును. తగ్గిన తూకము గాలిలో కలిసిన ఆవిరిది. రేకు దుంప తూకము అంతగా తగ్గదు. రేకు విప్పినపుడు లోపలివైపున నీటిబొట్లు కనబడును. ఆ బొట్లే పైని వాదమునకంతకు సాక్ష్యము. పిమ్మట కండ్లకు గంతలు కట్టి రెంటిని రుచి చూపినచో, ఏది కాలినదో ఏది మగ్గినదో చెప్పుటకు పదేండ్ల పిల్లవానికి గూడ తడవు పట్టదు. ఇష్టము మాత్రము ఎవరిది వారిదే. తరగతిలో సగముమంది మగ్గినదానికే ఓటు వేసినను ప్రయోగము చెడినట్లు కాదు.

కాలిన దుంపను దించిన తరువాత అట్లే ఉంచరాదు. తొక్క లోపల మిగిలిన ఆవిరి నిమిషములలో నీరుగా మారి, గంటసేపు పడిన పాటును వ్యర్థము చేసి, దుంపను జిగటగా చేయును. కత్తితో రెండు ముక్కలుగా కోయుట గూడ మంచిది కాదు. కత్తిపోటుకు పిండి అణగిపోవును. పైన అడ్డముగాను నిలువుగాను చిన్న గాటు పెట్టి, గుడ్డ పట్టిన చేతులతో రెండు కొనలను లోనికి నొక్కినచో, నడుమ పగిలి తెల్లని పిండి పువ్వువలె పైకి లేచును, ఆవిరి ఒక్కసారిగా వెలుపలికి పోవును. అక్కడ వెన్న వేసినను, నెయ్యి వేసినను, ఉల్లిపాయయు పచ్చిమిరపకాయయు తరిగి పెరుగుతో కలిపి వేసినను చెల్లును. తొక్క నోటిలో పెళపెళలాడును. దానిని ఎవరును పారవేయరు.